‘ఆ చుట్టొక్కటీ ఉండనివ్వండి, పాపం’: స్కిజోఫ్రెనియా, పొగ, గుండె

గోదావరి డెల్టాలో స్కిజోఫ్రెనియా (లేని మాటలు వినిపించే, భ్రమలు కలిగే తీవ్ర మానసిక వ్యాధి) ఉన్న మనిషిని ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉన్న ఇంటివాళ్లను అతని పొగ అలవాటు గురించి అడిగితే, జాలి నిండిన మాట ఒకటి వినిపిస్తుంది: “పెళ్లి లేదు, పని లేదు, ఉన్నది ఆ చుట్టొక్కటేనండీ. అదీ మాన్పించేస్తే వాడికింకేం మిగులుద్దండీ?” వైద్యులలో కూడా కొందరు ఇదే మాటను మరో రూపంలో చెబుతారు: ముందు మనసు కుదుటపడనివ్వండి, పొగ సంగతి తర్వాత చూద్దాం. ఆ ‘తర్వాత’ చాలామంది జీవితాలలో రాదు. ఇంటివాళ్ల జాలి నిజమైనదే. అది ఆధారపడిన లెక్క మాత్రం తప్పు. ఆ తప్పు ఎక్కడెక్కడ ఉందో ఒక్కొక్క ముడీ విప్పి చూపాలని ఈ ప్రయత్నం.

ఈ వ్యాధి ఉన్నవారు దేనివల్ల చనిపోతున్నారన్న ప్రశ్నతో మొదలుపెట్టాలి. ఆత్మహత్య చేసుకుంటాడేమో, ఇల్లు విడిచి పోతాడేమో, కాలవలో పడిపోతాడేమో అన్న భయాలే ఇంటిల్లిపాదికీ రాత్రిళ్లు నిద్రపట్టనివ్వవు. ఆత్మహత్య ముప్పు ఈ వ్యాధిలో నిజంగానే ఎక్కువ, ముఖ్యంగా తొలి సంవత్సరాలలో. అయితే మొత్తం మరణాలను లెక్కవేసినప్పుడు ఎక్కువ భాగం ఒంటి జబ్బుల వల్లనే సంభవిస్తున్నట్టు తేలుతుంది. వాటిలో ముందు వరుసలో ఉన్నవి గుండె, రక్తనాళాల జబ్బులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో దాదాపు 345 మందిలో ఒకరికి స్కిజోఫ్రెనియా ఉంది. వారు అకాలంగా మరణించే అవకాశం తక్కిన జనంతో పోలిస్తే రెండు నుంచి మూడు రెట్లు ఎక్కువ. ఆయుర్దాయంలో పదిహేనేళ్ల దాకా కోత పడుతోందని వివిధ దేశాల లెక్కలు చెబుతున్నాయి. ఇంట్లో అందరూ అతని మనసును కాపలా కాస్తుండగా, ఎవరూ చూడని వైపు నుంచి గుండె దెబ్బతింటోందన్నమాట.

మన ప్రాంతంలో ఈ ముప్పుకు ఇంకొక పొర కూడా ఉంది. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో జరిగిన మరణాలను ఒక అధ్యయనం నమోదు చేసింది. చనిపోయినవారి ఇంటివాళ్లను వివరంగా అడిగి కారణాలను నిర్ధారించారు. సుమారు మూడింట ఒక వంతు, అంటే 32 శాతం మరణాలకు గుండె, రక్తప్రసరణకు చెందిన జబ్బులే కారణమని తేలింది. అంటువ్యాధులు దానికి చాలా వెనకబడ్డాయి. గుండెపోటు పట్నవాసపు జబ్బనీ, కలిగినవాళ్ల జబ్బనీ అనుకునే కాలం డెల్టాలో ఎప్పుడో ముగిసింది. దీనికి తోడు, 52 దేశాలలో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం దక్షిణాసియా వారికి తొలి గుండెపోటు సగటున 53వ ఏటనే వస్తున్నదనీ, ఇతర దేశాలలో అది 59 దగ్గర ఉందనీ చూపింది. ఇప్పటికే ముందుగా వచ్చే గుండెపోటును స్కిజోఫ్రెనియా, పొగ రెండూ కలిసి ఇంకా ముందుకు లాగుతాయి.

పొగాకు డెల్టాకు పరాయి వస్తువు కాదు. గోదావరి పాయల మధ్య లంకల్లో, వరద వేసిన ఒండ్రు మీద పండే లంక పొగాకు చుట్టలకు పేరుపడింది. రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ 1947లోనే ఏర్పడింది. ఎన్నో కుటుంబాలు ఆ ఆకు మీద బతికాయి, పిల్లలను చదివించుకున్నాయి. ఇక్కడ రైతును వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. అయితే చుట్ట మన సొంత పంట కనుక సిగరెట్టు కంటే మేలనీ, బీడీ చిన్నది కనుక హాని కూడా చిన్నదనీ అరుగుల మీద వినిపించే మాటలకు ఆధారం లేదు. ఇంటర్‌హార్ట్‌లోనే బీడీ కాల్చేవారికి గుండెపోటు అవకాశం కాల్చనివారి కంటే దాదాపు మూడు రెట్లు ఉన్నట్టు, పొగాకు నమిలేవారికి రెండు రెట్లకు పైగా ఉన్నట్టు తేలింది.

పొగ గుండెను దెబ్బతీసే తీరు ఊపిరితిత్తులను దెబ్బతీసే తీరు కంటే వేరు. క్యాన్సరుకు ఏళ్లు పడుతుంది. రక్తనాళం మాత్రం ప్రతి దమ్ముకూ అప్పటికప్పుడే స్పందిస్తుంది. నాళాల లోపలి నున్నటి పొర గరుకుదేరుతుంది, రక్తంలోని ప్లేట్‌లెట్లు జిగురెక్కి గడ్డకట్టడానికి సిద్ధంగా ఉంటాయి, కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది, నికోటిన్ గుండె వేగాన్నీ బీపీనీ పెంచుతుంది. ఇది వెంటనే జరిగే హాని కనుకనే, మానేసిన మేలు కూడా త్వరగా కనిపిస్తుంది: పొగ వల్ల అదనంగా ఉన్న గుండెజబ్బు ముప్పు ఒక్క సంవత్సరంలోనే సుమారు సగానికి పడిపోతుంది.

స్కిజోఫ్రెనియా ఉన్న మనిషి గుండె మీద పొగ ఒక్కటే భారం కాదు. కదలిక తగ్గిపోయిన రోజులు, మూడు పూటలా అన్నం, ఒంటరితనం, వీటితో పాటు మందుల ప్రభావం కూడా ఉంది. ఈ వ్యాధికి వాడే ఓలాంజపిన్, క్లోజపిన్ వంటి మందులు ఆకలిని పెంచి, బరువునూ సుగరునూ కొవ్వునూ పైకి తీసుకెళ్తాయి. అరిపిప్రజోల్ వంటివి ఆ విషయంలో చాలా తేలిక. అమెరికాలో ఈ వ్యాధి మందులను పోల్చి చూసి 2005లో ఫలితాలు వెలువరించిన కేటీ (CATIE) అధ్యయనంలో చేరిన స్కిజోఫ్రెనియా రోగులలో సుమారు 40 శాతం మందికి నడుము చుట్టుకొలత, బీపీ, సుగరు, కొవ్వు కలగలిసి చెడే మెటబాలిక్ సిండ్రోమ్ అప్పటికే ఉంది. ఈ మాట చదివిన వెంటనే మందులు ఆపేద్దామని ఎవరికైనా అనిపిస్తే, దయచేసి ఆగండి. ఫిన్లాండులో దేశమంతటి రోగుల రికార్డులను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలలో, మందులు వాడుతున్నవారి కంటే ఏ మందూ వాడనివారిలోనే మరణాలు ఎక్కువగా ఉన్నాయి. బరువు పెంచుతుందని పేరున్న క్లోజపిన్ వాడినవారిలో మరణాలు అన్నిటికంటే తక్కువగా కనిపించాయి. మందు అవసరం. మందు వల్ల వచ్చే బరువును, సుగరును కనిపెట్టి అదుపు చేయడమూ అంతే అవసరం. వాటిని అలాగే ఉంచి, పైన రోజుకు ఒక కట్ట బీడీలు పేర్చితే మాత్రం ఏ గుండైనా ఎంతకాలమని తట్టుకుంటుంది?

ఇంతకీ వీళ్లు ఎందుకంతగా కాలుస్తారు? 20 దేశాలలో జరిగిన 42 అధ్యయనాలను కలిపి 2005లో చేసిన విశ్లేషణ ప్రకారం స్కిజోఫ్రెనియా ఉన్నవారిలో సగటున 62 శాతం మంది పొగతాగుతున్నారు. ఈ అంకెను చూసి చాలాకాలం ఒక వివరణ రాజ్యమేలింది: ఈ వ్యాధిలో మెదడు అక్కర్లేని శబ్దాలను వడపోయలేదు, నికోటిన్ ఆ వడపోతను కాసేపు సరిచేస్తుంది, కనుక రోగి తనకు తెలియకుండానే తనకు తాను వైద్యం చేసుకుంటున్నాడు అని. ప్రయోగశాలలో దీనికి కొంత ఆధారం లేకపోలేదు. నికోటిన్ ఏకాగ్రతను కొద్ది నిమిషాలపాటు మెరుగుపరిచే మాట నిజమే. అయితే ఈ సిద్ధాంతానికి ఇంత బలం ఎలా వచ్చిందో కూడా తెలుసుకోవాలి. కోర్టు కేసుల వల్ల బయటపడ్డ అమెరికా పొగాకు కంపెనీల అంతర్గత పత్రాలను పరిశీలించి 2008లో ప్రచురించిన ఒక పరిశోధన, ఈ ‘స్వయంవైద్యం’ వాదాన్ని బలపరిచే పరిశోధనలకు కంపెనీలే డబ్బు సమకూర్చిన సంగతిని, మానసిక వైద్యశాలలలో పొగ నిషేధాన్ని అడ్డుకోవడానికి అవి ప్రయత్నించిన సంగతిని వెల్లడించింది. అక్కడి మానసిక ఆస్పత్రులలో ఒకప్పుడు చెప్పినట్టు విన్న రోగికి బహుమతిగా ఇచ్చింది కూడా సిగరెట్లనే. ‘వాడికి అదొక్కటే సుఖం’ అన్న మన ఇంటి మాట, మనకు తెలియకుండానే, ఆ వాదంతో గొంతు కలుపుతోంది.

దీనికి గట్టి జవాబు మన పక్కనే ఉన్న చెన్నైలో దొరికింది. అక్కడి స్కిజోఫ్రెనియా పరిశోధనా సంస్థ స్కార్ఫ్‌కు చెందిన టి.ఎన్. శ్రీనివాసన్, ఆర్. తార 2002లో ప్రచురించిన అధ్యయనంలో, స్కిజోఫ్రెనియా ఉన్న 286 మంది పురుషులలో 38 శాతం మందే పొగతాగుతున్నారు. మామూలు పురుషులతో పోలిస్తే అది చెప్పుకోదగ్గ ఎక్కువేమీ కాదు. వ్యాధి జీవరసాయనమే మనిషిని పొగ వైపు తోసేస్తుందనుకుంటే, అదే వ్యాధి చెన్నైలో ఎందుకు అంత బలంగా తోయలేదు? కారణం ఊహించడం కష్టం కాదు. ఇక్కడ రోగి ఎక్కువగా అమ్మానాన్నలతోనో అన్నావదినలతోనో ఉంటాడు, చేతిలో డబ్బు ఆడదు, పెద్దల ముందు కాల్చడానికి సంకోచం ఉంటుంది. ఈ విషయం మొత్తంలో నాకు అన్నిటికంటే ఆశ కలిగించే సంగతి ఇదే. పొగ ఈ వ్యాధితో పుట్టుకొచ్చిన విధి కాదు. పరిసరాలు దాన్ని పెంచగలవు, తగ్గించగలవు కూడా. మన ఇళ్లకు ఇప్పటికే ఉన్న ఆ బలాన్ని, జాలిపడి రోజూ బడ్డీ కొట్టుకు పది రూపాయలిచ్చి పంపడం ద్వారా మనమే వదులుకుంటున్నాం.

ఇక్కడినుంచి కాస్త ఓపికగా చదవాలి, ఎందుకంటే కుటుంబాలకు అతి తక్కువగా తెలిసిన, అతి ఎక్కువగా తెలియాల్సిన భాగం ఇదే. మన కాలేయంలో సి.వై.పి.1ఎ2 అనే ఎంజైము ఉంది. క్లోజపిన్, ఓలాంజపిన్ మందులను విరగ్గొట్టి బయటికి పంపే పని ప్రధానంగా దానిదే. పొగాకు మండినప్పుడు పుట్టే తారులోని కొన్ని రసాయనాలు ఆ ఎంజైమును రెచ్చగొట్టి, దాని పనిని వేగవంతం చేస్తాయి. ఫలితంగా, పొగతాగే మనిషి ఒంట్లో మందు త్వరగా ఖర్చయిపోతుంది, డాక్టరు తెలిసో తెలియకో ఎక్కువ మోతాదు ఇవ్వవలసి వస్తుంది. హాలోపెరిడాల్, క్లోర్‌ప్రోమజీన్ మీద ఈ ప్రభావం తక్కువ. రిస్పెరిడోన్, అరిపిప్రజోల్, అమిసల్‌ప్రైడ్ మీద దాదాపు లేదు. ఈ పని చేసేది నికోటిన్ కాదు, మండిన పొగ. కనుక సిగరెట్టయినా, బీడీ అయినా, చుట్టయినా ఒకే దారి; ఖైనీ, నికోటిన్ గమ్, చర్మం మీద అంటించే ప్యాచ్ మాత్రం ఆ ఎంజైమును కదిలించవు. చుట్ట మానేసి ఖైనీకి మారిన మనిషి, ఒంట్లోని మందు లెక్క ప్రకారం, పొగ పూర్తిగా మానేసినట్టే.

మానేస్తే ఏమవుతుంది? రెచ్చిపోయిన ఎంజైము ఒక వారంలోపే మామూలు స్థితికి వస్తుంది. మాత్ర అదే, మోతాదు అదే, కానీ రక్తంలో క్లోజపిన్ మట్టం మునుపటి కంటే మరో సగం దాకా, కొందరిలో అంతకు మించి కూడా పెరిగిపోతుంది. విపరీతమైన నిద్రమత్తు, నోటి వెంట చొంగ, లేచి నిలబడితే కళ్లు తిరగడం, మాట తడబడటం, మలం బిగుసుకుపోవడం, ముదిరితే ఫిట్స్ రావచ్చు.

దీన్ని మన కళ్లముందున్న ఒక సందర్భంలో పెట్టి చూద్దాం. కార్తీకం వచ్చేసరికి డెల్టాలో వేలమంది అయ్యప్ప మాల వేసుకుంటారు. 41 రోజుల దీక్షలో మద్యం, మాంసంతో పాటు పొగ కూడా ముట్టరు. క్లోజపిన్ వాడుతూ రోజుకు పదిహేను సిగరెట్లు కాల్చే ఒక యువకుడు అన్నయ్యతో కలిసి మాల వేసుకున్నాడనుకోండి. పది రోజులకు అతను మగతగా, మాటా పలుకూ లేకుండా కూర్చుంటాడు. స్వామి నిష్ఠలో ఉన్నాడని ఇంట్లో మురిసిపోతారు, లేదా చన్నీటి స్నానాలకు జలుబు చేసిందనుకుంటారు. మందు మట్టం పెరిగిందన్న ఆలోచన ఎవరికీ రాదు. మగతకు భయపడి ఎవరైనా మాత్ర తగ్గించారనుకుందాం. దీక్ష ముగిశాక మాల తీసేస్తాడు, స్నేహితులతో కలిసి మళ్లీ సిగరెట్టు అందుకుంటాడు, ఎంజైము మళ్లీ లేస్తుంది, తగ్గించిన మోతాదు చాలదు, మాఘం నాటికి చెవిలో మాటలు తిరిగి వినిపిస్తాయి. దీక్షలో ఏదో అపచారం జరిగిందని గుడుల చుట్టూ తిరుగుతారు. దీక్ష గొప్ప అవకాశం. మానగలనని తనకు తానే రుజువు చేసుకున్న 41 రోజులవి. మాల వేసుకునే ముందొకసారి, తీసేసే ముందొకసారి మానసిక వైద్యునికి చెబితే చాలు, ఆ అవకాశం ప్రమాదంగా మారదు. కాలు విరిగో జ్వరమొచ్చో కొన్ని వారాలు ఆస్పత్రిలో పడుకున్నప్పుడూ ఇదే జరుగుతుంది: అక్కడ పొగ ఉండదు, ఇంటికి రాగానే ఉంటుంది.

ఇంకొక చిన్న సంగతి. టీ, కాఫీలలోని కెఫీన్‌ను కరిగించేది కూడా ఈ ఎంజైమే. పొగ మానేసిన మనిషి ఎప్పటిలాగే రోజుకు ఆరేడు గ్లాసుల టీ తాగితే గుండె దడ, చిరాకు, నిద్రలేమి వస్తాయి. వాటిని పొగ మానడం వల్ల వచ్చిన బాధలుగా పొరబడి మళ్లీ బీడీ వెలిగించినవాళ్లు ఉంటారు. టీని సగానికి తగ్గిస్తే సరిపోయే చోట అది జరగడం బాధాకరం.

‘పూర్తిగా మానకపోయినా, తగ్గించాడుగా’ అన్న తృప్తి గురించి కూడా చెప్పాలి. రోజుకు ఇరవై కాల్చేవాడు పదికి వస్తే ఇంటివాళ్లకు సగం గెలిచినట్టనిపిస్తుంది. కానీ ఆ ఎంజైమును పూర్తిగా రెచ్చగొట్టడానికి రోజుకు 7 నుంచి 12 సిగరెట్లు చాలు. పదికి దిగినా మందు లెక్క దాదాపు మారదు. గుండె విషయంలో ఇంకా కఠినం: 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ ప్రకారం, రోజుకు ఇరవై కాల్చితే గుండెజబ్బు ముప్పు ఎంత పెరుగుతుందో, అందులో దాదాపు సగం ఒక్క సిగరెట్టుతోనే వస్తుంది. తగ్గించడం మానడానికి మెట్టుగా మంచిదే. అక్కడే ఆగిపోతే గుండెకు దక్కేది తక్కువ.

మరి ఈ వ్యాధి ఉన్నవారు మానగలరా? మానగలరు, మామూలువాళ్ల కంటే కష్టం మీద, ఎక్కువ తోడ్పాటుతో. 2016లో వెలువడిన ఈగిల్స్ పరీక్షలో ఎనిమిది వేలకు పైగా మనుషులు పాల్గొన్నారు, వారిలో దాదాపు సగం మందికి ఏదో ఒక మానసిక వ్యాధి ఉంది. పొగ మాన్పించడానికి వాడే వెరెనిక్లిన్, బుప్రోపియాన్ మాత్రలను, నికోటిన్ ప్యాచ్‌లను పోల్చి చూస్తే వెరెనిక్లిన్ ఎక్కువ మందిని మాన్పించింది. అది మనసును చెదరగొడుతుందన్న పాత భయానికి ఆధారం దొరకలేదు, ఆ ఏడాది చివరనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాని మీదున్న తీవ్ర హెచ్చరికను తొలగించింది. బుప్రోపియాన్‌కు ఫిట్స్ తెచ్చే గుణం కొంత ఉంది, క్లోజపిన్‌కూ ఉంది. ఆ రెండూ కలిపే విషయంలో డాక్టరు జాగ్రత్త వహించాలి. 2014లో ఇంకొక అధ్యయనంలో, స్కిజోఫ్రెనియా గానీ, బైపోలార్ (మనసు ఉప్పొంగడం, కుంగడం మారిమారి వచ్చే) వ్యాధి గానీ ఉండి తొలి 12 వారాలలో పొగ మానగలిగిన 87 మందిలో కొందరికి వెరెనిక్లిన్‌ను కొనసాగించారు, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఏడాది చివరికి మొదటివారిలో 60 శాతం, రెండవవారిలో 19 శాతం మంది పొగకు దూరంగా ఉన్నారు. మూడు నెలలకే సాయం ఆపేయకూడదని దీని అర్థం. పొగ మానితే మనసు మరింత కుంగుతుందన్న అనుమానానికి కూడా జవాబుంది: 26 అధ్యయనాలను కలిపి 2014లో చేసిన విశ్లేషణలో, మానినవారిలో ఆందోళన, దిగులు పెరగకపోగా తగ్గాయి, మానసిక వ్యాధి ఉన్నవారిలోనూ అంతే. తొలి రెండు మూడు వారాల చిరాకు వేరు, అది గడిచిపోతుంది.

ఈ మొత్తంలో నన్ను ఎక్కువగా కలచివేసేది మాత్రం ఛాతీ నొప్పి. ఈ వ్యాధి ఉన్నవారిలో కొందరికి నొప్పి తెలిసే తీరే మొద్దుబారి ఉంటుంది. తెలిసినా, ‘గుండెలో ఎవరో కూర్చున్నారు’ అని చెప్పే మనిషి మాటను జనం భ్రమగా తీసుకుంటారు. గుండెపోటు వచ్చిన తర్వాత కూడా మానసిక వ్యాధి ఉన్నవారికి యాంజియోప్లాస్టీ, బైపాస్ వంటి చికిత్సలు తక్కువగా అందుతున్నాయని అమెరికాలో 2000 నాటికే నమోదైంది. పాత రోగి కొత్తగా ఆయాసమన్నా, చెమటలు పోసినా, ఎడమ చెయ్యి లాగుతోందన్నా, ‘మళ్లీ మొదలెట్టాడు’ అనుకునే ముందు ఒక ఇ.సి.జి. తీయించాలి. క్లోజపిన్ కొత్తగా మొదలుపెట్టిన తొలి ఆరు వారాలలో జ్వరం, ఛాతీ నొప్పి, గుండె దడ కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు; అరుదుగానైనా ఆ మందు గుండె కండరానికి వాపు తెస్తుంది.

క్లోజపిన్ వాడేవాళ్లు తెల్లరక్తకణాల పరీక్షకు ఎలాగూ వెళ్తుంటారు. ఆ రోజే బరువు, నడుము కొలత, బీపీ చూపించుకోవచ్చు. పరగడుపున వెళ్తే సుగరు, కొవ్వు పరీక్షలూ అయిపోతాయి. మన వాళ్లకు నడుము మగవారిలో 90, ఆడవారిలో 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. ఊళ్లోని ఆశా కార్యకర్త బీపీ, సుగరు ఉన్నవాళ్ల కోసం ఇళ్లకు వస్తున్నప్పుడు, లోపలి గదిలో పడుకున్న ఈ మనిషిని కూడా బయటికి పిలిచి చూపించాలి. చాలా ఇళ్లలో పరువు పేరిట అది జరగడం లేదు. పొగ మానడానికి సలహా ఇచ్చే జాతీయ ఉచిత ఫోను నంబరు 1800-11-2356 సిగరెట్టు పెట్టె మీదే అచ్చయి ఉంటుంది. మానసిక ఆరోగ్యానికి 2022లో మొదలైన టెలి మానస్, 14416, తెలుగులోనే మాట్లాడుతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లే రోజున మందుల చీటీ వెనక మూడు సంగతులు తేదీతో సహా రాసుకుని వెళ్లండి: రోజుకు ఏవి ఎన్ని కాలుస్తున్నాడు, గత నెలలో మానిన రోజులు గానీ పెంచిన రోజులు గానీ ఉన్నాయా, రాబోయే నెలలో దీక్ష, ఆపరేషను, ఊరు మారడం వంటివి ఉన్నాయా. డాక్టరు అడగకపోయినా ఆ కాగితాన్ని ఆయన ముందు పెట్టి, “వీడు పొగ మానితే ఈ మాత్ర ఎంత తగ్గించాలండీ?” అని అడగండి. మోతాదు మార్చే పని ఆయనదే, సొంతంగా చేయవద్దు.